తూకంలో కలిసిపోయిన ఉప్పు: ఒక మందు, ఒక డీఎన్ఏ, ఒక మాస్ స్పెక్ట్రోమీటర్

ఈ కేసు నా దగ్గరికి రెండు చిన్న ట్యూబుల్లో వచ్చింది. ఒకదాని అడుగున లేత పసుపు పొడి, చిటికెడు కూడా ఉండదు. రెండోదాంట్లో ఎండబెట్టిన డీఎన్ఏ, కంటికి ఆనేంత కూడా లేదు. తెచ్చిన రీసెర్చ్ స్కాలర్ మూడు ప్రశ్నలు అడిగింది. "మా కాంపౌండ్ డీఎన్ఏని పట్టుకుంటోందా మేడమ్? పట్టుకుంటే ఒక్కో డీఎన్ఏకి ఎన్ని అణువులు? ఎంత గట్టిగా?"

మొదటి రెండిటికీ జవాబు పది రోజుల్లో దొరికింది. మూడోదానికి ఆరు వారాలు పట్టింది. ఆలస్యానికి కారణం మెషీన్‌లో లేదు, ట్యూబులో ఉంది. ఈ పని మొదలుపెట్టే ఎవరికైనా ఇదే తప్పు ఎదురుకావచ్చు కాబట్టి మొత్తం వరసగా రాస్తున్నాను.

కాంపౌండ్ నిర్మాణం వాళ్ళ సొంతం, అది చెప్పను. దాన్ని కె అని పిలుస్తాను. ద్రవ్యరాశి 398.5 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ బరువు). రెండు చివర్లా అమిడిన్ గ్రూపులు, అంటే ప్రోటాన్‌ని తేలిగ్గా పట్టుకునే నైట్రోజన్ గుంపులు, ఉన్నాయి కాబట్టి మామూలు పీహెచ్‌లో రెండు ధనావేశాలతో ఉంటుంది. డాపీ, బెరెనిల్ కూడా ఇలాంటి డైఅమిడిన్లే. అవి డీఎన్ఏ మైనర్ గ్రూవ్‌లో, అంటే రెండు గాడుల్లో ఇరుకుదానిలో, ఏ-టీ జంటలు వరసగా ఉన్నచోట వెళ్ళి కూర్చుంటాయి. కె కూడా అక్కడే కూర్చుంటుందని వాళ్ళ ఆశ. డీఎన్ఏగా తెచ్చింది డికర్సన్-డ్రూ డోడెకామర్: సీజీసీజీ-ఏఏటీటీ-సీజీసీజీ. 1980లో స్ఫటిక నిర్మాణం బయటపడినప్పటి నుంచి మైనర్ గ్రూవ్ మీద పనిచేసే ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ముట్టుకునే పన్నెండు అక్షరాలివి.

ఈ పనికి మాస్ స్పెక్ట్రోమెట్రీయే, అంటే అణువులను అయాన్లుగా మార్చి తూచే పద్ధతే, ఎందుకంటే, ఫ్లోరెసెన్స్‌లోనో శోషణలోనో కనిపించేది ద్రావణంలో ఉన్న అన్ని రూపాల సగటు. మాస్ స్పెక్ట్రంలో ఖాళీ డీఎన్ఏ ఒక పీక్, ఒక మందు పట్టుకున్న డీఎన్ఏ ఇంకో పీక్, రెండు పట్టుకున్నది మూడో పీక్. ఎన్ని అణువులు అనే ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పే పద్ధతి నాకు తెలిసి మరొకటి లేదు. శాంపిల్ కూడా కొంచెమే కావాలి. 5 మైక్రోమోలార్ ద్రావణం 20 మైక్రోలీటర్లంటే 100 పికోమోళ్ళు, ఈ డీఎన్ఏ విషయంలో ఒక మైక్రోగ్రామ్ కన్నా తక్కువే.

డీఎన్ఏని, దానికి బలహీనంగా అంటుకున్న మందుని విడిపోకుండా గాల్లోకి లేపడానికి ఎలక్ట్రోస్ప్రే వాడతాం. ద్రావణాన్ని వోల్టేజీతో ఆవేశమున్న సన్నని బిందువులుగా చిమ్మడమే అది. ప్రోటీన్ల వంటి పెద్ద అణువుల విశ్లేషణకు ఈ పద్ధతిని పనికొచ్చేలా చేసినందుకే జాన్ ఫెన్‌కి 2002లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. అంతకు ముందే, 1994లో, రిచర్డ్ స్మిత్ బృందం డిస్టామైసిన్ అనే మైనర్ గ్రూవ్ మందుని పట్టుకున్న జంట పోగుల డీఎన్ఏని, అంటే డీఎన్ఏ డ్యూప్లెక్స్‌ని చెక్కుచెదరకుండా స్పెక్ట్రంలో చూపించింది. ఆ తర్వాత ఫ్రెడెరిక్ రోసు, వాలెరీ గాబెలికా, ఎడ్విన్ డి పావ్ వంటివాళ్ళు పీకుల ఎత్తుల నుంచి బంధ బలాన్ని లెక్కగట్టే దారి వేశారు. మేము నడిచింది ఆ దారిలోనే.

ముందు సోడియం గొడవ

మొదటి రోజు స్పెక్ట్రం చూసి ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. ఒక్క పీక్ ఉండాల్సిన చోట దువ్వెన పళ్ళలా వరసగా డజను పీకులు. స్పెక్ట్రంలో అడ్డంగా కనిపించేది ద్రవ్యరాశిని ఆవేశాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. ఆ కొలతలో పక్కపక్క పీకుల మధ్య దూరం 4.4. ఈ అంకె చూడగానే సోడియం అని చెప్పేయొచ్చు. ఒక హైడ్రోజన్ పోయి దాని స్థానంలో సోడియం చేరితే ద్రవ్యరాశి దాదాపు 22 డాల్టన్లు పెరుగుతుంది. ఐదు ఋణావేశాలున్న అయాన్ మీద చూస్తాం కాబట్టి ఆ 22 ని ఐదుతో భాగిస్తే 4.4. పొటాషియం అయితే 7.6 దూరంలో కనిపించేది.

ఈ డోడెకామర్ డ్యూప్లెక్స్‌లో 22 ఫాస్ఫేట్లున్నాయి. ప్రతిదానికీ ఒక ఋణావేశం, ప్రతిదానికీ ఒక ధనావేశం తోడు కావాలి. ద్రావణంలో అమ్మోనియం అసిటేట్ ఉంటే ఆ తోడు అమ్మోనియం అవుతుంది. బిందువు ఎండిపోయేటప్పుడు అమ్మోనియం తన ప్రోటాన్‌ని ఫాస్ఫేట్ దగ్గర వదిలేసి అమ్మోనియాగా ఎగిరిపోతుంది. అలా 17 ఫాస్ఫేట్లు ప్రోటాన్లతో సర్దుకుని, మిగిలిన ఐదు ఆవేశాలతో అయాన్ శుభ్రంగా బయటికి వస్తుంది. సోడియం అలా ఎగిరిపోయే రకం కాదు, పట్టుకున్న చోటే ఉండిపోతుంది. అందుకే జీవరసాయనవాళ్ళు అలవాటుగా వాడే ఫాస్ఫేట్ బఫర్, ట్రిస్, సోడియం క్లోరైడ్ వేటినీ ఇక్కడ దగ్గరికి రానివ్వం.

కొన్న డీఎన్ఏ మీద "డీసాల్టెడ్", అంటే ఉప్పు తీసేసినది, అని రాసి ఉన్నా మా అవసరానికి అది చాలదు. 3 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్‌లో వేసి, 150 మిల్లీమోలార్ అమ్మోనియం అసిటేట్‌తో ఐదుసార్లు కడిగించాను. ఫిల్టర్ పొరకు తయారీలోనే గ్లిజరిన్ రాసి ఉంటుంది. ముందు రెండుసార్లు నీటితో కడగకపోతే ఆ గ్లిజరిన్ శాంపిల్లోకి దిగి స్ప్రేని పాడుచేస్తుంది. అమ్మోనియం అసిటేట్ ద్రావణాన్ని గాజు సీసాలోంచి ప్లాస్టిక్ సీసాలోకి మార్పించాను, ఎందుకంటే గాజులోంచి సోడియం మెల్లగా ఊరుతూ ఉంటుంది. ఇంత చేశాక దువ్వెన పోయి, 1457.5 దగ్గర ఒక్క పెద్ద పీక్, దాని పక్కన చిన్న సోడియం నీడ మిగిలాయి.

ఆ 1457.5 గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఈ పన్నెండక్షరాల పోగు తనకు తానే జత. అంటే డ్యూప్లెక్స్‌లో రెండు పోగులూ ఒకటే. పోగు ద్రవ్యరాశి 3646.4, డ్యూప్లెక్స్‌ది 7292.8, సరిగ్గా రెట్టింపు. ఐదు ప్రోటాన్లు పోయాక మిగిలినదాన్ని ఐదుతో భాగిస్తే ఆ 1457.5. దీంతో చిక్కేమిటంటే ఆరు ఋణావేశాల డ్యూప్లెక్స్, మూడు ఋణావేశాల విడిపోగు రెండూ 1214.5 దగ్గరే పడతాయి. నాలుగు ఆవేశాల డ్యూప్లెక్స్, రెండు ఆవేశాల విడిపోగు కూడా అంతే. ఐదు ఆవేశాల డ్యూప్లెక్స్ ఒక్కటే ఎవరితోనూ కలవదు, పోగుకి రెండున్నర ఆవేశాలుండవు కదా. అందుకే లెక్కలన్నీ ఐదు ఆవేశాల పీకుల మీదే చేశాం. 1214.5 దగ్గర విడిపోగు ఎంత ఉందో తెలియాలంటే ఐసోటోప్ పీకుల మధ్య దూరం చూడాలి. ఇవి ఒక్కో డాల్టన్ తేడాతో వచ్చే చిన్న పీకులు, ఆ తేడా కూడా ఆవేశంతో భాగమవుతుంది. మూడో వంతు దూరంలో ఉంటే విడిపోగు, ఆరో వంతు అయితే డ్యూప్లెక్స్. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పోగు పలచని ద్రావణంలో తన మీద తానే మడిచుకుని హెయిర్‌పిన్ అవుతుంది. దాని ద్రవ్యరాశి విడిపోగుదే కాబట్టి మాస్ స్పెక్ట్రం ఆ తేడా చెప్పదు.

అన్నిటికీ అంటుకుంటున్న మందు

కె కలిపాక 1457.5 తో పాటు 1537.3 దగ్గర కొత్త పీక్ వచ్చింది, 79.7 దూరంలో. 398.5 ని ఐదుతో భాగిస్తే సరిగ్గా అంతే. ఒక కె పట్టుకుంది. 1617.0 దగ్గర రెండు కె-లు పట్టుకున్న పీక్ కూడా వచ్చింది. ఇంకా పైన మూడోదాని జాడ ఉంది. ఆ అమ్మాయి ఫోన్ తీసి స్క్రీన్ ఫొటో కొట్టుకుంది.

ఏ-టీ లేని డీఎన్ఏ మీద కూడా ఇదే చూడాలని అడిగాను. మొదట ఆమె అనుకున్నది అదే పొడవున్న పన్నెండక్షరాల జీ-సీ పోగు. దాని ద్రవ్యరాశి 3648.4, మా డోడెకామర్‌కి రెండంటే రెండు డాల్టన్ల తేడా. రేపు రెండు డీఎన్ఏలనీ ఒకే ట్యూబులో వేసి పోటీ పెట్టాలంటే పీకులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకని పద్నాలుగు అక్షరాల జీ-సీ పోగు తెప్పించాం. డ్యూప్లెక్స్ 8533.5 డాల్టన్లు, ఐదు ఆవేశాలతో 1705.7 దగ్గర, అందరికీ దూరంగా ఉంటుంది. పోటీ ప్రయోగాలకు డీఎన్ఏ ఎంచుకునేటప్పుడు ముందు కాగితం మీద ఈ కూడికలు వేసుకుంటే చాలా రోజులు మిగులుతాయి.

జీ-సీ డీఎన్ఏ మీద కూడా కె ఒకటి, రెండు, మూడు అంటుకుంది. దాదాపు అంతే ఎత్తు పీకులతో. అంటే ఇది ఎక్కడ పడితే అక్కడ అతుక్కునే అణువేనా అని ఆ అమ్మాయి కంగారుపడింది. నాకు మాత్రం ద్రావణం మీద అనుమానం వచ్చింది. నోట్‌బుక్ చూస్తే అమ్మోనియం అసిటేట్ 10 మిల్లీమోలార్ అని ఉంది. ఉప్పు తగ్గిస్తే సిగ్నల్ బాగా వస్తుందని ఎవరో చెప్పారట. వస్తుంది, నిజమే. కానీ 22 ఋణావేశాలున్న డీఎన్ఏ, రెండు ధనావేశాలున్న మందు, మధ్యలో ఆవేశాలను కప్పడానికి చాలినంత ఉప్పు లేదు. అలాంటప్పుడు రెండు ధనావేశాలున్న ఏ అయాన్ అయినా ఏ ఫాస్ఫేట్ దగ్గరైనా అతుక్కుంటుంది. గాడి ఆకారంతో, ఏ-టీ అక్షరాలతో దానికి పనిలేదు. పైగా స్ప్రే బిందువు చిన్నదయ్యే కొద్దీ లోపల గాఢత పెరుగుతుంది. ద్రావణంలో కలవనివి కూడా ఆ చివరి క్షణంలో అతుక్కుపోవచ్చు.

ఉప్పుని 10 నుంచి 50 కి, 100 కి, 150 కి పెంచుకుంటూ వెళ్ళాం. 100 దగ్గర జీ-సీ డీఎన్ఏ మీద రెండు, మూడో కె-లు మాయమయ్యాయి, మొదటిది చిన్న బుడిపెలా మిగిలింది. డోడెకామర్ మీద మొదటి కె పీక్ పెద్దగా కదల్లేదు, రెండోది మాత్రం కూలిపోయింది. పన్నెండు టీల విడిపోగు మీద ఏమీ అంటలేదు. రెండు డ్యూప్లెక్స్‌లనీ ఒకే ట్యూబులో సమానంగా వేసి కొద్దిగా కె ఇచ్చినప్పుడు అది దాదాపు మొత్తం డోడెకామర్ వైపే వెళ్ళింది. ఇక్కడితో మొదటి రెండు ప్రశ్నలు తేలాయి. పట్టుకుంటోంది, ఏఏటీటీ ఉన్న డీఎన్ఏనే ఎంచుకుంటోంది, ఒకదానికి ఒకటి.

ఇక్కడ ఒక వాదన మధ్యలో వచ్చింది. అందరూ చేసే వాదనే. ఆ అమ్మాయి సోర్స్ వోల్టేజీ (అయాన్లను మెషీన్ లోపల గుద్దించి కుదిపే వోల్టేజీ) పెంచి చూసి, "జీ-సీ డీఎన్ఏ మీదున్న కె కూడా అంత తేలిగ్గా ఊడట్లేదు మేడమ్, కాబట్టి అది కూడా గట్టి బంధమే కదా" అంది. నీళ్ళు లేని చోట లెక్క మారిపోతుంది. నీటిలో ధన, ఋణావేశాల మధ్య ఆకర్షణని నీరే మెత్తబరుస్తుంది. శూన్యంలో ఆ ఆకర్షణకి అడ్డులేదు. అదే సమయంలో, నీటికి దూరంగా దాక్కోవాలనే తాపత్రయం మీద ఆధారపడిన బంధాలు నీరే లేనప్పుడు బలహీనమవుతాయి. అందుకే శూన్యంలో ఊడిపోకపోవడం ద్రావణంలో గట్టిగా పట్టుకుందనడానికి సాక్ష్యం కాదు. వోల్టేజీ ఇంకా పెంచితే మందు ఊడకుండా డీఎన్ఏ పోగులే విడిపోయి, ఒక పోగుతో కె వెళ్ళిపోయింది. 4044.9 డాల్టన్ల ముక్క కనిపించింది. ఆవేశం ఎక్కువున్న గ్రూవ్ బైండర్లు ఇలా చేయడం కొత్త కాదు. ఆ ప్రయోగాన్ని మేము బంధ బలానికి వాడలేదు. లెక్కకి తీసుకున్న స్పెక్ట్రాలన్నీ వోల్టేజీ వీలైనంత మెత్తగా పెట్టి తీసినవే.

నిలకడలేని కేడీ

బంధ బలాన్ని మేం రోజూ కేడీ అంటాం, విఘటన స్థిరాంకం. అది ఎంత చిన్నదైతే బంధం అంత గట్టిది. పీకుల నుంచి దాన్ని తీయడం కాగితం మీద చాలా సులువు. వేసిన డీఎన్ఏ ఎంతో తెలుసు. పీకుల మొత్తంలో ఎంత శాతం కె పట్టుకుని ఉందో స్పెక్ట్రం చెబుతుంది. దాంతో బంధంలో ఉన్న డీఎన్ఏ, ఖాళీ డీఎన్ఏ రెండూ వచ్చేస్తాయి. వేసిన కె లోంచి బంధంలో ఉన్నది తీసేస్తే ఖాళీ కె. ఖాళీ డీఎన్ఏని ఖాళీ కె తో గుణించి కాంప్లెక్స్‌తో భాగిస్తే కేడీ. ఒక్క స్పెక్ట్రం చాలు. కానీ ఒక్కదానితో ఆగితే తప్పు బయటపడదు, అందుకే మూడు గాఢతల దగ్గర తీయిస్తాను.

డ్యూప్లెక్స్ 5 మైక్రోమోలార్, ఉప్పు 100 మిల్లీమోలార్. కె ని 2.5, 5, 10 మైక్రోమోలార్లు వేశాం. కె పట్టుకున్న డీఎన్ఏ వరసగా 27 శాతం, 50 శాతం, 78 శాతం వచ్చింది. స్పెక్ట్రాలు కళ్ళకద్దుకునేంత శుభ్రంగా ఉన్నాయి. లెక్కేస్తే కేడీలు 3.1, 2.5, 1.7 మైక్రోమోలార్లు వచ్చాయి.

స్థిరాంకం అన్నాక స్థిరంగా ఉండాలి. కె పెంచే కొద్దీ కేడీ తగ్గుతోంది. మూడుసార్లు మళ్ళీ చేసినా అదే వరస, అదే దిశ. యాదృచ్ఛికమైన పొరపాటు అటూ ఇటూ చెదురుతుంది, ఇలా ఒకవైపే నడవదు. సగటు తీసి, పక్కన పెద్ద ఎర్రర్ బార్ పెట్టేద్దామని ఆ అమ్మాయి గైడ్ సూచించారు. నేను ఒప్పుకోలేదు. ఒకే దిశలో నడిచే తప్పుకి కారణం ఒకటే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

మొదట నా అనుమానం మెషీన్ మీదకే పోయింది. ఖాళీ డీఎన్ఏ, మందు పట్టుకున్న డీఎన్ఏ రెండూ ఒకే తీరున అయాన్లవుతాయని మనం ఊహిస్తున్నాం. మందు చేరడంతో ఆవేశం, ఆకారం మారి ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా కనిపిస్తే లెక్క మొత్తం వంకర పోతుంది. దీన్ని పరీక్షించడానికి ఏమీ అంటని ఆ పన్నెండు టీల పోగునే కొలబద్దగా ప్రతి ట్యూబులో ఒకే మోతాదులో వేశాం. కె పెరిగే కొద్దీ కాంప్లెక్స్ పెరిగి, ఖాళీ డీఎన్ఏ తగ్గింది. కానీ ఆ కొలబద్దతో పోల్చినప్పుడు రెండిటి మొత్తం మారలేదు. అంటే రెండూ సమానంగానే కనిపిస్తున్నాయి. మెషీన్ మీద నింద పోయింది.

తర్వాత ప్లాస్టిక్. నూనె స్వభావం ఉన్న మందులు ట్యూబు గోడలకి అంటుకుని ద్రావణంలో తగ్గిపోతాయి. సోడియం భయంతో గాజు వదిలి ప్లాస్టిక్‌కి వెళ్ళినవాళ్ళకి ఇది ఎదురుదెబ్బ. కె పసుపు రంగుది కాబట్టి చూడటం తేలికైంది. ట్యూబులో వేసిన వెంటనే ఒకసారి, రెండు గంటలాగి ఒకసారి శోషణ కొలిచాం. తేడా లేదు.

డీఎన్ఏ గాఢత మూడోది. 260 నానోమీటర్ల దగ్గర శోషణతో కొలిచేటప్పుడు వచ్చేది పోగుల గాఢత, డ్యూప్లెక్స్ అందులో సగం. చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. ఆ అమ్మాయి చేయలేదు.

ఇక మిగిలింది కె గాఢతే. ఒక సాయంత్రం కాగితం మీద తప్పుని వెనక్కి నడిపించి చూశాను. మనం అనుకున్నంత కె ట్యూబులో లేదనుకుందాం. అప్పుడు ఖాళీ కె ని ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కేస్తున్నాం. కె తక్కువ వేసినప్పుడు దాదాపు అంతా డీఎన్ఏకే పోయి ఖాళీగా చాలా కొంచెమే మిగులుతుంది, కాబట్టి అక్కడ తప్పు నిష్పత్తి బాగా పెద్దది. కె ఎక్కువ వేసినప్పుడు ఖాళీగా మిగిలేదే ఎక్కువ, కాబట్టి తప్పు నిష్పత్తి చిన్నది. కేడీ పైనుంచి కిందికి నడవాలి. మాకు నడిచింది సరిగ్గా అలాగే.

మర్నాడు ఆ అమ్మాయిని అడిగాను. "కె ని చివర్లో ఎలా శుద్ధి చేశావు?"

"హెచ్‌పీఎల్‌సీలో మేడమ్. నీళ్ళు, అసిటోనైట్రైల్, 0.1 శాతం టీఎఫ్ఏ. తర్వాత ఫ్రీజ్ డ్రై చేశాను."

"పొడి తూచి స్టాక్ ద్రావణం చేసేటప్పుడు ఏ ద్రవ్యరాశి వేశావు?"

"398.5." అని ఆగిపోయింది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండు అమిడిన్లున్న అణువు టీఎఫ్ఏ, అంటే ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం, ఉన్న నీళ్ళలోంచి బయటికొచ్చి ఎండితే ఒంటరిగా ఎండదు. ప్రతి ధనావేశానికీ ఒక ట్రైఫ్లోరోఅసిటేట్‌ని వెంటబెట్టుకుని ఎండుతుంది. రెండు టీఎఫ్ఏ అణువులంటే 228 డాల్టన్లు అదనం. అంటే ఆ పసుపు పొడిలో ఒక మోల్ బరువు 626.5 గ్రాములు. త్రాసు మీద ఒక మిల్లీగ్రామ్ తూస్తే అందులో 0.36 మిల్లీగ్రాములు ఆమ్లమే. మనం 5 మైక్రోమోలార్ అనుకున్నది నిజానికి 3.18.

ఊహ సరిపోయినంత మాత్రాన అది నిజమైపోదు. స్టాక్ ద్రావణాన్ని నెగెటివ్ మోడ్‌లో తక్కువ ద్రవ్యరాశి వైపు చూస్తే 113 దగ్గర ట్రైఫ్లోరోఅసిటేట్ పీక్ నిటారుగా నిలబడి ఉంది. కానీ టీఎఫ్ఏ వాడే ల్యాబుల్లో 113 ఎక్కడైనా కనిపిస్తుంది, గొట్టాల్లో రోజుల తరబడి ఉండిపోతుంది. ఆ ఒక్క పీక్‌ని నమ్మి అంకె మార్చలేం. అందుకని తెలిసిన మోతాదులో మరో ఫ్లోరిన్ పదార్థాన్ని కలిపి ఫ్లోరిన్ ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో ఫ్లోరిన్ పరమాణువుల సంకేతాన్ని కొలిచే పరీక్ష) చేయించాం. ఒక్కో కె కి రెండు ట్రైఫ్లోరోఅసిటేట్లు అని తేలింది.

అవే స్పెక్ట్రాలు, అవే శాతాలు. కె గాఢతలు మాత్రం 1.59, 3.18, 6.36 గా దిద్ది మళ్ళీ లెక్కేశాం. 50 శాతం ఉన్న ట్యూబు చూడండి. బంధంలో 2.5, ఖాళీ డీఎన్ఏ 2.5. ఖాళీ కె 3.18 లోంచి 2.5 తీస్తే 0.68. కేడీ 0.68 మైక్రోమోలార్. మిగతా రెండు 0.65, 0.69. ఆరు వారాల తర్వాత మూడు అంకెలూ ఒకచోట నిలబడ్డాయి. ఆ అమ్మాయి కాగితం మీద వాటి చుట్టూ గుండ్రంగా గీత గీసి, కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. నాకూ అప్పటిదాకా ఉన్న టెన్షన్ వదిలింది.

గాఢతలో తప్పు మూడో వంతే. కేడీలో తప్పు మాత్రం మధ్య ట్యూబు దగ్గర దాదాపు నాలుగు రెట్లు. 2.5 అని ప్రచురించి ఉంటే, ఈ కాంపౌండ్ అంత బాగోలేదని పక్కన పెట్టేసేవాళ్ళేమో. ఎర్రర్ బార్‌తో కప్పేద్దామన్న మాట విని ఉంటే అదే జరిగేది. అందుకే ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను.

పద్ధతి హద్దు గురించి కూడా ఒక మాట. కేడీ 0.7 మైక్రోమోలార్ కాబట్టి 5 మైక్రోమోలార్ డీఎన్ఏతో కొలవగలిగాం. కేడీ నానోమోలార్లలో ఉండే మందైతే ఈ గాఢతలో వేసినదంతా అంటుకుపోతుంది, ఖాళీ మందు సున్నా పక్కకి చేరుతుంది, లెక్కలో ఏ చిన్న పొరపాటైనా జవాబుని ఎటో తీసుకుపోతుంది. అలాంటి వాటికి డీఎన్ఏ గాఢత బాగా తగ్గించాలి, లేదంటే తెలిసిన మందుతో పోటీ పెట్టి చూడాలి.

ఎక్కడ కూర్చుంది

మాస్ స్పెక్ట్రం ఎన్ని అని చెబుతుంది, ఎక్కడ అని నేరుగా చెప్పదు. అయినా దగ్గరి దాకా వెళ్ళే దారి ఒకటుంది. నెట్రోప్సిన్ అనే మందు ఏఏటీటీ దగ్గర మైనర్ గ్రూవ్‌లో కూర్చుంటుందని ఇదే రకం డోడెకామర్ మీద 1985లోనే స్ఫటిక నిర్మాణంతో తేలింది. దాని ద్రవ్యరాశి 430.5. డోడెకామర్ మీద అది 1543.7 దగ్గర కనిపిస్తుంది, కె కాంప్లెక్స్‌కి 6.4 దూరంలో. సోడియం దువ్వెన అలాగే ఉండి ఉంటే ఈ రెండూ విడిగా కనిపించేవి కావు. మొదటి వారం కడుగుళ్ళు ఇక్కడ పనికొచ్చాయి.

కె పట్టుకున్న డీఎన్ఏలో నెట్రోప్సిన్‌ని కొంచెం కొంచెంగా కలిపాం. రెండూ వేర్వేరు చోట్ల కూర్చుంటే ఒకే డీఎన్ఏ మీద రెండూ ఉన్న పీక్ 1623.4 దగ్గర రావాలి. అది రాలేదు, నేల మీద గరుకు లాంటిదే తప్ప. 1543.7 పెరిగింది, 1537.3 తగ్గింది. ఒకటి వస్తే ఇంకోటి లేచి పోతోంది. రెండూ ఒకే చోటు కోసం పోటీ పడుతున్నాయనడానికి ఇది మంచి సాక్ష్యం. ఏ అక్షరం పక్కన ఏ అమిడిన్ ఆనుకుని ఉందన్న సంగతి ఎన్ఎంఆర్, స్ఫటికాలు చెప్పాలి.

ఆ అమ్మాయి గైడ్ చివరగా ఒక మంచి ప్రశ్న వేశారు. డిస్టామైసిన్ గాడి కాస్త వెడల్పయ్యే చోట రెండేసి అణువులుగా పక్కపక్కన కూర్చుంటుందని 1989లో పెల్టన్, వెమ్మర్ ఎన్ఎంఆర్‌తో చూపించారు. కె కూడా అలా చేస్తుందా? దీనికోసం మధ్యలో ఏఏఏటీటీటీ ఉన్న పోగు తీసుకున్నాం. దాని డ్యూప్లెక్స్ 7290.9, పాతదానికి మళ్ళీ రెండు డాల్టన్ల తేడాయే, కాబట్టి వేరే ట్యూబులోనే. అలా జంటగా కూర్చునే మందైతే రెండో అణువు పీక్ మొదటిదానితో పోటీపడుతూ పెరగాలి. కె విషయంలో మొదటిది పెరిగింది. రెండోది జీ-సీ డీఎన్ఏ మీద కనిపించిన ఆ బుడిపె స్థాయి దాటలేదు. డిస్టామైసిన్‌ని అదే రోజు అదే డీఎన్ఏ మీద పెట్టి చూశాం, రెండు అణువుల పీక్ స్పష్టంగా వచ్చింది. అంటే జంటని చూడగలిగే స్థితిలోనే ఉన్నాం, కె మాత్రం ఒంటరిగానే కూర్చుంటోంది.

రిపోర్టులో ఇలా రాశాను: డోడెకామర్‌తో ఒకటికి ఒకటి, 100 మిల్లీమోలార్ అమ్మోనియం అసిటేట్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర కేడీ 0.7 మైక్రోమోలార్. జీ-సీ డీఎన్ఏతో బంధం ఈ పద్ధతిలో నమ్మకంగా కొలవలేనంత బలహీనం. నెట్రోప్సిన్ ఉన్న చోటుకే పోటీ. అమ్మోనియం అసిటేట్ పీహెచ్ 7 దగ్గర నిజమైన బఫర్ కాదు కాబట్టి ప్రతి ద్రావణం పీహెచ్ కొలిచిన విలువ కూడా పక్కన రాశాను. కె ఏ ఉప్పు రూపంలో ఉందో మొదటి వాక్యంలోనే పెట్టాను.

మిగిలిన పొడి ఇప్పుడు నిర్మాణం కోసం ఎన్ఎంఆర్ వాళ్ళ దగ్గరికి వెళుతోంది. ట్యూబు మీద పాత లేబుల్ గీకేసి ఆ అమ్మాయి కొత్తది అంటించింది: కె, రెండు టీఎఫ్ఏ, 626.5.